వంత: విశాఖ ప్రాంత బృందకళలలో దాని స్థానము

"వంత" అను మాటకు నేటి వ్యవహారమున గౌరవము తక్కువ. ఒకరి అభిప్రాయమునకు ఆలోచన లేక తలయూపువానిని "వంత పాడుచున్నాడు" అని ఎత్తిపొడుచుట పరిపాటి. ప్రాచీన కావ్యములలో ఈ రూపమునకే దుఃఖము అను అర్థము కలదు. అది నేడు పండితులకు మాత్రమే పరిచితము. కాని కథాగానము జీవికగా గలవారి నడుమ వంత అనునది నిందావాచకము కాదు. అది ఒక పదవి. బుఱ్ఱకథ దళమున వంతగా నిలిచిన కళాకారుడు తాళమును నిలుపును, కథను మలుపు త్రిప్పును, శ్రోతల పక్షమున ప్రశ్నించును, కథకునికి ఊపిరి తీసికొను వ్యవధి నిచ్చును. ఒకే మాట రంగస్థలముపై ఆదరమును, లోకవ్యవహారమున అనాదరమును పొందుటకు కారణమేమి?

ఈ ప్రశ్న మాటల చరిత్రకు మాత్రమే సంబంధించినది కాదు. వయోజనులు పదుగురు కూడి నిర్మించు కళలను మనము ఏ దృష్టితో చూచుచున్నామను విషయము ఇందు ఇమిడియున్నది. అట్టి కళలకు ప్రాణము ఎత్తుగడ చెప్పు నాయకునియందు ఎంత కలదో, జవాబిచ్చు బృందమునందును అంతకు తక్కువగాక కలదు. మన సాహిత్యచరిత్ర నాయకుని పేరు వ్రాసి వంతను విడిచినది. అందువలన ఆ కళల నిర్మాణమే మనకు సగము మఱుగుపడినది. విశాఖ ప్రాంతమునందలి ఉదాహరణములతో ఈ విషయమును నిరూపించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. విశాఖ ప్రాంతమనగా ఇచట నేటి జిల్లా మాత్రమే కాదు. 1950లో శ్రీకాకుళము, 1979లో విజయనగరము, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడుటకు పూర్వము విశాఖపట్టణమునకు చెందియుండిన విశాల భూభాగమని గ్రహింపవలెను.

బృందగానమునకు మూలమును శ్రమయందు వెదకుట సమంజసము. సముద్రతీరమున ఒడ్డునుండి లాగెడి పెద్దవలను గమనింపుడు. వల రెండు కొసల త్రాళ్లను పట్టుకొని జనులు రెండు వరుసలుగా నిలుతురు. ఒకడు పదమెత్తును, తక్కినవారు ఒక్క గొంతుతో జవాబిత్తురు. బలము ప్రయోగింపబడునది పదమెత్తినప్పుడు కాదు, జవాబిచ్చునప్పుడు. పదమెత్తువాడు పలుకుచుండగా చేతులు త్రాటిపై ముందుకు జరుగును, పాదములు ఇసుకలో కుదురుకొనును. "హైలెస్సా" అను జవాబుతో దేహములన్నియు వెనుకకు వ్రాలును. కావున ఈ పాటలో మాట నాయకునిది, పని వంతవారిది. నాయకుడు మాటను మార్చినను వల కదలును; జవాబు తడబడినచో కదలదు. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా, అమెరికా తెఱచాప ఓడలలోను ఇదే పద్ధతి యుండెను. ఒక నావికుడు చరణము పాడగా తక్కినవారు పల్లవినందుకొని, ఆ పల్లవిలోని నియతమైన ఊనికపై త్రాడు లాగెడివారు. ఓడపని ఆవిరియంత్రమునకు మారినపిదప ఆ పాటలు పనినుండి విడివడి వినోదసభలకు చేరినవి. శ్రమ తొలగినప్పుడు వంత అలంకారముగా మిగులును. శ్రమ యున్నంతవఱకు అది సాధనము.

శ్రమనుండి పూజకు, పూజనుండి ఉత్సవమునకు సాగిన బృందకళలలో అరకులోయ గిరిజనుల థింసా నృత్యము ముఖ్యమైనది. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు దీనికి వాద్యములు. ఇందు పెక్కు భేదములు కలవు. వానిలో గ్రామదేవతారాధనకు సంబంధించిన బోడ థింసా యందు పురుషులు కుడివైపున, స్త్రీలు ఎడమవైపున వరుసలు తీర్చి, ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసికొని నిలుతురు. కుడి వరుసలో మొదటివాడు నెమలిఈకల కట్టను చేతబట్టి అడుగువేయగా, ఎడమ వరుసలో చివరి వ్యక్తి వచ్చి అతనితో కలియును. అంతట రెండు వరుసలును ఒకే మండలమై పామువలె మెలికలు తిరుగును. ఈ రచనలో ఒక సూక్ష్మము కలదు. నాయకత్వ మిచట వ్యక్తిగుణము కాదు, వరుసలో ఒక స్థానము. మొదటి స్థానమున నిలిచినవాడు నాయకుడు; అయినను చివరి వ్యక్తి వచ్చి కలిసినగాని మండలము పూర్తి కాదు. ఆద్యంతములు రెండును కలిసి ఆకృతిని నిర్మించుచున్నవి.

మైదానమునకు దిగినచో తప్పెటగుళ్లు కనబడును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ మండలములలో యాదవులు దీనిని తరతరములుగా కాపాడుచున్నారు. ఱొమ్ముపై వ్రేలాడు తప్పెటను రెండు చేతులతో వాయించుచు, కాళ్ల గజ్జెలతో లయను నిలుపుచు, పాడుచు, గంతులు వేయుచు, ఒకరి భుజములపై ఒకరు నిలిచి గోపురములు కట్టుచు చేయు ప్రదర్శన మిది. నాటకమున వాద్యగాడు వేఱు, గాయకుడు వేఱు, నటుడు వేఱు. ఇచట ప్రతివాడును మూడు పనులు చేయును. గురువు పాటనెత్తును, కాని గోపురము కట్టునప్పుడు క్రింద నిలిచిన భుజము గురువుది కానక్కఱలేదు. పై నిలిచినవాని కీర్తి క్రిందివాని నిలకడపై ఆధారపడియున్నదను సత్యమునకు ఇంతకంటె ప్రత్యక్షమైన నిదర్శనము దొరకదు.

కథాగానమునకు వచ్చినప్పుడు పరస్పరభిన్నములైన రెండు మార్గములు ఉత్తరాంధ్రమున పక్కపక్కనే నడచినవి. ఒకటి హరికథ. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) విజయనగరమున దీనిని పరాకాష్ఠకు తెచ్చెను. 1919లో స్థాపితమైన అచటి సంగీత కళాశాలకు ఆయన ప్రథమాధ్యక్షుడు. హరికథలో పక్కవాద్యములున్నను కథ చెప్పు కంఠ మొక్కటే. భాగవతుడే కథకుడు, పాత్రలన్నియు అతడే, వ్యాఖ్యాతయు అతడే. పండితుని ఏకాధిపత్యమునకు అది తగిన రూపము. రెండవది జముకుల కథ, జంగము కథ మొదలైనవాని మార్గము. ఇచట కథకుని ప్రక్క వంత తప్పనిసరి. జముకు అనునది చర్మపు నడుమ కూర్చిన తంతిని బిగించుచు, సడలించుచు మీటెడి వాద్యము. దాని స్వరమే కథకునికి బదులు పలుకుచున్నట్లుండును. ఈ రెండవ మార్గమునందు కథ సంభాషణముగానే పుట్టును. వంతలేని జముకుల కథ సగము కథ.

ఈ సంభాషణరూపమును ఆధునిక ప్రజాజీవితమునకు అన్వయించినవారు ప్రజానాట్యమండలివారు. 1943లో అఖిలభారత స్థాయిని ప్రజానాట్యసంఘము ఏర్పడిన తరుణముననే ఆంధ్రదేశమున ఈ మండలి ఆవిర్భవించినది. గరికపాటి రాజారావు దీనికి ప్రముఖ నిర్వాహకుడు, ప్రయోక్త. జంగము కథనుండి సంస్కరింపబడిన బుఱ్ఱకథ వారి చేతిలో ఆంధ్రదేశమంతటను వ్యాపించినది. గుంటూరు మండలమునకు చెందిన షేక్ నాజర్ (1920–1997) దానికి మహోజ్జ్వలమైన కంఠమైనాడు. బుఱ్ఱకథ దళమున ముగ్గురుందురు. నడుమ తంబురతో, అందెలతో కథకుడు. ఇరుప్రక్కల డక్కీలతో వంతలు. ఒకరిది హాస్యము, మఱియొకరిది రాజకీయము. ఈ శ్రమవిభజనము చాల లోతైనది. కథకుడు గతమును చెప్పును. రాజకీయపు వంత ఆ గతమును నేటి ఊరికి తెచ్చును. హాస్యపు వంత శ్రోతల అలసటను తీర్చును. దళము ఊరు మారినప్పుడు కథ మారదు, వంత మాటలు మారును. అనగా బుఱ్ఱకథలో కాలముతో మారెడి భాగము, తక్షణ రచనకు చోటైన భాగము వంతయే.

అదే మండలి రంగముపై ప్రదర్శించిన "మాభూమి" నాటకము (1947) సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు అను ఇద్దరి రచన. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. ఒక నాటకమునకు ఇద్దరు కర్తలుండుట మన ఆధునిక సాహిత్యమున అరుదు. ఆ మండలి వాతావరణమున అది సహజముగా కనబడినది. ఆ మండలిలో నటుడుగా పనిచేసిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తియే తదుపరి కాలమున తెలుగువారి జానపద కళారూపములను గూర్చి బృహద్గ్రంథము వ్రాసెను. బృందమున నిలిచినవానికే బృందముల చరిత్ర వ్రాయవలెనను తపన కలుగుట గమనింపదగినది.

ఇక వంత మఱుగుపడిన విధమును పరిశీలింతము. మొదటి కారణము అచ్చుపద్ధతి. పాట ముద్రించునప్పుడు పల్లవిని ఒక్కసారి పూర్తిగా అచ్చువేసి, పిదప ప్రతి చరణాంతమున దాని మొదటి మాటను రెండు గీతల నడుమ చూపి విడుచుట వాడుక. కాగితమునకు ఇది పొదుపు, కళకు లోపము. ప్రదర్శనమున వంత ప్రతిసారియు ఒకే తీరున నుండదు. యుద్ధఘట్టమున వేగము హెచ్చును, కరుణఘట్టమున మూల్గుగా మారును, కొన్నియెడల కథకుని మాటను పూర్తి కానీయక అందుకొనును. అచ్చుపుస్తకము చదువువానికి ఇవన్నియు ఒకే మాట యొక్క పునరుక్తిగా తోచును. పునరుక్తి నీరసమని మన అలంకారశాస్త్ర సంస్కారము చెప్పును గనుక వంత నీరసమను అభిప్రాయము స్థిరపడుటకు ఇది తోడ్పడినది.

రెండవ కారణము బహుమానపద్ధతి. ఇది మన దేశమునకు మాత్రమే పరిమితము కాదు. గ్రీకు విషాదాంత నాటకము బృందగానమునుండియే పుట్టినది. ఎస్కిలసు నటుల సంఖ్యను ఒకటినుండి రెండునకు పెంచి బృందగానమును తగ్గించెననియు, సోఫోక్లిసు మూడవ నటుని ప్రవేశపెట్టెననియు అరిస్టాటిలు తన కావ్యశాస్త్రమున చెప్పెను. ఏథెన్సు నగరోత్సవములలో ఆ బృందసభ్యులు వృత్తినటులు కారు, సామాన్య పౌరులు. అయినను విజయశాసనములందు సాధారణముగా చెక్కబడినవి ధనదాత పేరు, కవి పేరు, కాలక్రమమున ప్రధాననటుని పేరు. మాసములకొలది అభ్యసించి పాడిన పౌరుల పేర్లు ఆ వరుసలో చేరలేదు. నాటకము వికసించిన కొలది బృందము కుంచించుకొనిపోయిన ఆ చరిత్ర మనకు హెచ్చరిక వంటిది.

మన యింటి చరిత్రను చూతము. గురజాడ "కన్యాశుల్కము" 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారిచే తొలిసారి ప్రదర్శింపబడినది. పుస్తకరూపము 1897లో వచ్చినది. ఐదేండ్ల కాలము అది పుస్తకము కాక ముందు ప్రదర్శనగా జీవించినదన్నమాట. రచయిత పేరు ఎఱుగని తెలుగు విద్యార్థి లేడు; ఆడిన సభ పేరు ఎఱిగినవారు కొలదిమంది. 1929లో ఆరంభమైన ఆంధ్ర నాటక కళాపరిషత్తును, దాని ననుసరించిన పరిషత్తులును పోటీలు నిర్వహించి నాటకకళకు నిస్సందేహముగా మేలు చేసినవి. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రిజిస్ట్రారుగా నుండిన కె. వి. గోపాలస్వామి విద్యార్థి నాటకమునకు ఇచ్చిన ప్రోత్సాహమును సువిదితమే. కాని ఉత్తమ నటుడను బహుమానము పంచుట సులభము. ఉత్తమముగా విన్నవాడను బహుమానము ఎచటను లేదు. రంగముపై ఎదుటివాని మాటను శ్రద్ధతో వినుట నటనలో సగము.

విశాఖపట్టణము పారిశ్రామిక నగరమైన క్రమమును ఇచట స్మరింపవలెను. నౌకాశ్రయము 1933లో తెఱువబడినది. 1941లో శంకుస్థాపన జరిగిన సింధియా నౌకానిర్మాణశాలలో తయారైన "జల ఉష" 1948 మార్చిలో ప్రధాని నెహ్రూ చేతులమీదుగా నీట దిగినది. ఆ శాలయే పిదప హిందుస్థాన్ షిప్‌యార్డు ఐనది. పలు పల్లెలనుండి వచ్చిన వేలకొలది కార్మికులు తమ పాటలను, వాద్యములను, యాసను వెంటబెట్టుకొనియే ఈ నగరమునకు చేరిరి. వారిలో పార్వతీపురము సమీపమునందలి పెదబొండపల్లికి చెందిన వంగపండు ప్రసాదరావు (1943–2020) ఒకడు. షిప్‌యార్డున కార్మికుడుగా పనిచేసిన ఆయన, 1972లో ఏర్పడిన జననాట్యమండలి కార్యములలో ప్రముఖపాత్ర వహించెను. ఆయన పాటల రాజకీయమును గూర్చి భిన్నాభిప్రాయములుండవచ్చును; వాని నిర్మాణము మాత్రము పరిశోధకుడు ఉపేక్షింపరానిది. పొట్టి పల్లవి, వెంటనే అందుకొనదగిన తిరుగుడు, అడుగుకు తగిన లయ, ఉత్తరాంధ్ర పలుకుబడి: ఇవన్నియు వినువానిని మఱుక్షణమున పాడువానిగా మార్చుటకు ఏర్పడిన సాధనములు. యంత్రమును, దానిని నడపు శ్రామికుని గూర్చి పాడిన ఆ కవి యంత్రశాలలో ఒకరి పని మఱియొకరి పనితో కలిసి నడచు తీరును పాటయందును నిలిపినాడు.

ఈ పరిశీలనము ఉక్కునగరమునకు వచ్చునప్పటికి మఱియొక రూపము ఎదురగును. అది నినాదము. విశాఖలో ఉక్కుకర్మాగారము కొఱకు 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్ష పూనెను. ఆ నవంబరు 1వ తేదీన పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. 1970 ఏప్రిలులో ప్రధాని ఇందిరాగాంధి పార్లమెంటున కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగినది. ఆ ఉద్యమమునకు ఊపిరియైన "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అను నినాదమును ఛందోదృష్టితో చూడుడు. రెండు సమభాగములు, రెండింటి చివర ద్విత్వకకారముతో ప్రాస. మొదటి భాగమును ఒకడు ఎత్తును, రెండవ భాగమును జనసమూహము పూర్తిచేయును. అర్థము దృష్ట్యా మొదటి భాగము వస్తువు పేరు మాత్రమే. వాదమంతయు రెండవ భాగమునందున్నది. అనగా ఇచట ప్రతిపాదనము చేయునది వంతయే. తెలుగునాట అత్యధికులు ఉచ్చరించిన ద్విపదములలో ఇది ఒకటి. దీనిని ఒక్కని కృతిగా తలచి ఎవరును పలుకరు. 2021లో ఆ కర్మాగారమును ప్రైవేటుపరము చేయు నిర్ణయము వెలువడినప్పుడు అదే నినాదము నూతన కంఠములతో మరల వినబడినది. అర్ధశతాబ్దము దాటినను అది నిలుచుటకు కారణము, పూర్తిచేయవలసిన భాగమును జనులకు విడిచియుంచుటయే.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. నాయకుడు లేని బృందము గుంపు కాదా? నాజర్ వంటి ప్రతిభాశాలి లేకున్న బుఱ్ఱకథకు ఆ వైభవ మెక్కడిది? ఈ ఆక్షేపము సత్యదూరము కాదు. ప్రతిభను తక్కువచేసి చూపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము కాదు. కాని నాజర్ ప్రతిభయైనను ప్రకాశించిన రూపము త్రిముఖమైనది. ఆయన హరికథకు మరలక బుఱ్ఱకథను చేపట్టుటలోనే, తన మాటకు అడ్డుతగిలి ప్రశ్నించు ఇద్దరిని ప్రక్కన నిలుపుకొనుట యున్నది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. బిరుదు ఒక్కరికే ఇచ్చుట బిరుదుల స్వభావము. చరిత్రకారుడు మాత్రము బిరుదుల పద్ధతికి కట్టువడనక్కఱలేదు.

చట్టము సహితము ఈ విషయమున సాహిత్యచరిత్రకంటె కొంత ముందు నడచినది. 1957 నాటి కాపీరైటు చట్టమున ఉమ్మడి రచన యనగా, ఇద్దరు లేక అంతకెక్కువమంది కర్తల సహకారమున పుట్టి, ఒకరి భాగమును మఱియొకరి భాగమునుండి వేఱుపఱుపరాని రచన యని నిర్వచనము కలదు. 1994 సవరణచే ప్రదర్శకులకును ప్రత్యేక హక్కులు లభించినవి. వరాహనదీతీరమునందలి ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అచట పేరు ఏ ఒక్క శిల్పిదియు కాదు, ఊరిది. అంకుడుకఱ్ఱను కోసి ఆరబెట్టువాడు, చట్రముపై తిప్పువాడు, లక్కరంగు పట్టించువాడు అందఱును ఆ పేరు నీడలో నిలుచుచున్నారు. చేతిపనికి లభించిన ఈ మర్యాద పాటకును, ఆటకును లభింపవలసియున్నది.

కావున పల్లెలకు, కార్మికవాడలకు వెళ్లు పరిశోధక విద్యార్థులు కొన్ని నియమములు పాటించుట మేలు. దళనాయకుని పేరుతో పాటు దళమునందలి అందఱి పేర్లును, వారి పనులును, వారి యనుమతితో వ్రాసికొనవలెను. ఎవరు ఎత్తుదురు, ఎవరు అందుకొందురు, తాళము ఎవరి చేతిలో నున్నదను విషయములను వేఱువేఱుగా గుర్తింపవలెను. నాయకుడు రాని దినమున అతని స్థానమున ఎవరు నిలుతురని అడుగవలెను. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానమే దళము యొక్క అంతర్నిర్మాణమును బయలుపఱచును. రాబడిని పంచుకొను పద్ధతి తెలిసికొనవలెను. కళలో ఎవరి పాలు ఎంత యని వారు స్వయముగా తలచుచున్నారో ఆ పంపకము చెప్పును. వంత పంక్తులను ఎన్నిసార్లు పలికిన అన్నిసార్లును, పలికిన తీరుతోడ వ్రాయవలెను. ధ్వనిముద్రణ సాధనములు ప్రతి చేతిలోను ఉన్న ఈ కాలమున కాగితపు పొదుపు సాకు కాజాలదు. బిరుదురాజు రామరాజు మొదలగు పూర్వపరిశోధకులు జానపదగేయములను విశ్వవిద్యాలయమున పరిశోధనార్హములుగా నిలిపినారు. వారు గేయమునకు తెచ్చిన గౌరవమును గేయము పాడిన బృందమునకు తెచ్చుట తరువాతి తరము చేయవలసిన పని.

తాను పలికిన మాటకు ఎదుట జవాబున్నదని తెలిసినవాడు ఒక తీరున పలుకును. లేదని తెలిసినవాడు మఱియొక తీరున పలుకును. వల లాగు త్రాటినుండి ఉక్కు నినాదమువఱకు విశాఖ ప్రాంత బృందకళలన్నియు మొదటి తీరునకు చెందినవి. వంతను విడిచి వానిని చదువుట లేఖలలో ఒకవైపువారి ఉత్తరములను మాత్రమే అచ్చువేసి, రెండవవైపువారు వ్రాయనేలేదని తలచుటవంటిది.